బూట్లు మర్చిపోయే మనిషి

"ఏమండీ, కరిచింది!"

మా ఆవిడ కేకకు తలెత్తి చూశాను. నది సముద్రంలో కలిసేచోట, చీలమండ లోతు బురదలో నిలబడి ఉంది, ఎప్పటిలాగే ఉత్తకాళ్లతో. చిత్తడి నేలల మీద పెద్ద సైంటిస్టే గానీ, బూట్లు వేసుకోవాలని ఏనాడూ గుర్తుండి చావదు. అవి పట్టుకుని వెనకాల తిరగడం నా ఉద్యోగం.

"పామా?" అంటూ పరుగెత్తాను.

"పీతండీ, పీత!" అంటూ కాలెత్తింది. బొటనవేలికి నిమ్మకాయంత పీత వేలాడుతోంది.

లాగబోతే నా చేతి మీద ఒక్కటేసింది. "ముట్టుకున్నారంటే ఊరుకోను! ముందు ఫొటో తియ్యండి!"

ఎండి చచ్చిపోయిన ఈ చిత్తడికి మళ్లీ ప్రాణం పోయాలని, పాత గట్టు తెగ్గొట్టించి సముద్రపు పోటు నీటిని లోపలికి రప్పించింది తనే. ఇన్నేళ్లయినా ఈ చచ్చిన బురదలోకి ఒక్క ప్రాణీ తిరిగి రాలేదని, రేపటి నుంచి మళ్లీ గట్టు కట్టేస్తామన్నారు పైవాళ్లు.

ఫొటో తీశాను. కళ్లనిండా నీళ్లు, నోటినిండా నవ్వు, వేలికి పీత.

"ఇకనైనా బూట్లు వేసుకో తల్లీ."

"బూట్లుంటే ఇది కరిచేదాండీ? ఇన్నేళ్లూ ఉత్తకాళ్లతో తిరిగింది దీనికోసమేగా!"

చేతిలోని బూట్ల వంక చూశాను. వాటిని ఒడ్డుకు గిరాటేసి, నా చెప్పులు కూడా విప్పేశాను.