మీరుండగా మాకేం భయం

తలుపు తట్టిన మనిషిని చూడగానే బెనోయిత్ గుండె ఝల్లుమంది.

బవిరి గడ్డం, నడుముకి తోలు పట్టీ, మోకాళ్ళ దాకా దుమ్ము.

"రాత్రంతా నడిచొచ్చానమ్మా. కాసిని నీళ్ళు, ఓ రొట్టెముక్క ఉంటే పెట్టండి."

లోపల రిబ్బన్లు నేస్తున్న అత్తగారి మగ్గం ఠక్కున ఆగింది. ఆవిడ విధవరాలు. బైబిల్లో ఏలీయా ప్రవక్తదీ ఇదే వేషం, ఆయన నీళ్ళూ రొట్టే అడిగింది కూడా ఒక విధవరాలినే.

ఫ్రాన్సులో సెంతెత్యెన్ ఊరి బొగ్గుకొండల్లోని ఆ వాడలో ఎవరూ చర్చి గడప తొక్కి యాభై ఏళ్ళయింది. పాదిరీలు అక్కర్లేదు, ఏలీయా మళ్ళీ వస్తాడు, తమ ఇళ్ళకే వస్తాడు. నెపోలియన్ పోయాడు, రాజులు వచ్చారు, పోయారు. వీళ్ళ నమ్మకం మాత్రం ఇసుమంత కదల్లేదు.

"ఇన్నాళ్ళకి వచ్చారా తండ్రీ" అంది అత్తగారు మోకరిల్లి.

"లేవండమ్మా, నేనంత వాణ్ణి కాను. మీ గనిలో ఇవాళ తవ్వబోయే గోడ వెనక నీళ్ళున్నాయి. మేస్త్రీకి చెబితే పొమ్మన్నాడు. మీ మగవాళ్ళని మీరైనా ఆపండి."

"మీకెలా తెలుసు?" అంది బెనోయిత్.

అత్తగారు కసిరింది. "ప్రవక్తని అడిగే మాటేనటే అది?"

బెనోయిత్ నాలుక్కరుచుకుంది.

ఆమె మొగుడు ఆంతెల్మ్ అప్పుడే గనికి బయల్దేరుతున్నాడు. వచ్చినాయన చెయ్యి అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

"మూడున్నరేళ్ళు వానల్నే ఆపిన చెయ్యి తండ్రీ ఇది. గోడ వెనక నీళ్ళదేం లెక్క? మీరుండగా మాకేం భయం?"

"నామాట వినవయ్యా. నేను ప్రవక్తని కాను."

"మీరలాగే అంటారని మా అమ్మ ఎప్పుడో చెప్పింది" అని నవ్వాడు ఆంతెల్మ్.

క్షణాల్లో వాడంతా పోగైంది. అంత హుషారుగా మగవాళ్ళు పనికి వెళ్ళడం బెనోయిత్ ఎన్నడూ చూడలేదు. ఆయన గొంతు బొంగురుపోయేలా అరుస్తూ వెంటబడ్డాడు. వాళ్ళు భక్తిగా తలలొంచి విన్నారు, దీపాలు వెలిగించుకున్నారు, దిగిపోయారు.

ఆయన గని అంచున నిలబడ్డాడు. పెదాలు పాలిపోయాయి, ఒళ్ళంతా వణికిపోతోంది.

"ఆత్మ పూనింది" అంది అత్తగారు.

కాసేపటికి ఆయన ఓ దీపం తీసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, నిచ్చెన మీద కాలు పెట్టాడు.

మధ్యాహ్నానికి కొండ లోపల ఏదో ఉరిమింది.

పదమూడు మంది దిగారు. పదమూడు మందీ ఒకరి తరవాత ఒకరు పైకొచ్చారు. ఆఖర్న ఆంతెల్మ్ వచ్చాడు. ఆయన రాలేదు.

"దీపాలన్నీ ఆరిపోయాయి" అన్నాడు ఆంతెల్మ్ రొప్పుతూ. "ఒకరి నడుం ఒకరు పట్టుకోండి, గాలి తగిలే వైపే నడవండి అంటూ వెనకనుంచి తోలాడు. నన్ను నిచ్చెన మీదకి నెట్టాడు. ఆ తరవాత ఆయన గొంతు వినబడలేదు."

"ఏలీయాకి చావేమిటిరా? వచ్చిన పని అయింది, వెళ్ళిపోయాడు" అంది అత్తగారు.

ఎవరూ ఏడవలేదు. వీధి వీధినా కీర్తనలు పాడారు. మొగుడు దక్కిన సంతోషంలో బెనోయిత్ అందరికంటే గట్టిగా పాడింది.

మూడో రోజు, చేతిలో మూటతో ఒకావిడ వచ్చింది.

"బవిరి గడ్డం మనిషి ఇటొచ్చాడా తల్లీ? మా ఆయన. మీవాళ్ళకో మాట చెప్పి వస్తానని వెళ్ళాడు. బట్టలు తెచ్చాను."

బెనోయిత్‌ సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"కొండకి మా వైపు తవ్విన గని ఇరవై ఏళ్ళ కిందట మునిగింది" అంది ఆవిడ, గడప మీద కూచుంటూ. "అందులోంచి బతికి బయటపడింది ఈయనొక్కడే. అప్పట్నుంచీ మా పెరట్లో బావి దగ్గరికి రావాలన్నా వణుకే తల్లీ, నీళ్ళు కూడా నేనే తోడిపెట్టాలి."