బండ తగిలిందా?

“ఏందమ్మా, ఇంకా సూస్తాండావ్? రెండిట్లో ఏదో ఒకదాని మీద బిరీన సంతకం చెయ్,” అన్నాడు పై అధికారి డీఈ అజయ్ కుమార్.

ఆళ్లగడ్డ ఇంజినీర్ల ఆఫీసులో బ్లెస్సీ ముందు రెండు రిపోర్టులున్నాయి. ఒకటి నిజం. బ్లెస్సీ వాళ్ల ఊరి వంక మీది వంతెనకు మూడో స్తంభం పునాది, నేల అడుగునున్న బండ దాకా పోలేదు. బండకు ఆరడుగుల ఎత్తులోనే ఇసుకలో ఆగిపోయింది. పెద్ద వాన వస్తే నిలవదు. రెండోది అబద్ధం. అంతా భేషుగ్గా ఉందట.

ఇరవై నాలుగేళ్ల కిందట ఆ పునాదికి ‘బండ తగిలింది’ అని రాసి సంతకం పెట్టిన ఇంజినీరు జ్ఞానప్రకాశం.

“ఆయన్ను సూసే నేను ఇంజినీరైనా సార్,” అంది బ్లెస్సీ.

ఆ మాటలో ఎచ్చులేమీ లేవు. ఆమె చిన్నాయన వంకలో కొట్టుకుపోయిన మరుసటేడు వంతెన కట్టడానికి జ్ఞానప్రకాశం ఆ ఊరొచ్చాడు. రెండేళ్లు బడి వరండాలోనే కాపురం. తొమ్మిదేళ్ల బ్లెస్సీని స్టూలెక్కించి ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మిషన్‌లోంచి అవతలి గట్టు చూపించాడు. ఇంటర్లో లెక్కలు తప్పితే నంద్యాలలో తన ఇంట్లో పెట్టుకుని చెప్పాడు. ఆయన భార్య కృపమ్మ కన్నకూతురికి పెట్టినట్టు అన్నం పెట్టింది. ఇప్పుడు ఊరంతా కలిసి ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర ఆయన విగ్రహం చెక్కించారు. వచ్చే ఆదివారం వంతెన మొదట్లో నిలబెడతారు. సరిగ్గా ఇప్పుడే ఆ పాడు ఉత్తరం రావాలా!

ఆకాశరామన్న ఉత్తరం. వంకర టింకర అక్షరాలు. మూడో స్తంభం పునాది తవ్వి చూడమని, అదీ బ్లెస్సీతోనే తవ్వించమని రాసి ఉంది. అట్లాగే తవ్వించింది.

“ఎంత కుళ్లో సూడు. నీ చేతే ఆయన్ను బజారుకీడ్పియ్యాలని,” అన్నాడు డీఈ.

“బడి బస్సులు తిరుగుతాండాయి సార్ దాని మీద.”

“అయితే నిజమే రాయి. పక్షవాతమొచ్చి మంచంలో ఉండే మనిషి మీద కేసు పెడతారు. ఆ విగ్రహాన్ని యాడ పెట్టుకుంటారో మీ ఊరోళ్లు.”

బ్లెస్సీ పెన్ను మూత తీసింది. వానలకింకా రెండు నెలలుంది కదా, ఏదో మరమ్మతు పేరు పెట్టి ఆలోపు గట్టి చేయిద్దాం అనుకుంది. మరమ్మతు కాగితం మంజూరై రావడానికి రెండేళ్లు పడుతుందని ఆమెకు తెలియనిదా? తెలుసు. తెలిసే రెండో రిపోర్టు మీద సంతకం చేసింది. డీఈ దాన్ని అప్పటికప్పుడే పైకి పంపేశాడు.

సాయంత్రం బస్సెక్కి నంద్యాల పోయింది.

జ్ఞానప్రకాశం మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. కుడివైపు పూర్తిగా పడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది. ఆమెను చూడగానే ఎడమచేత్తో మణికట్టు పట్టుకున్నాడు.

“తవ్వినావా?”

ఊళ్లో ఎవరో ఆయన చెవిన వేసినట్టున్నారు. వాళ్ల నోళ్లు పడిపోను!

“తవ్వించినా సార్.”

“మూడోది?”

“అదీ తవ్వించినా.”

“బండ... తగిలిందా?”

ఆయన ఆమె మణికట్టును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. సైటు మీద పులిలా తిరిగిన మనిషి, పాపం, ఎంత భయపడుతున్నాడో! బ్లెస్సీకి ఏడుపు ముంచుకొచ్చింది. మింగేసి నవ్వింది.

“తగిలింది సార్. మీరు రాసిన లోతులోనే.”

“నువ్వు... సూసినావా?”

“నా కండ్లతో సూసినా. సంతకం గూడా అయిపాయ, రిపోర్టు పైకి పాయ. ఇంగ మీరు నిమ్మళంగా ఉండండి.”

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత చెయ్యి వదిలేసి, గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. గండం గడిచినందుకే అనుకుంది బ్లెస్సీ. దుప్పటి సర్ది, కాసేపు వీపు నిమిరి లేచింది.

కృపమ్మ గేటు దాకా వచ్చింది.

“మంచాన పడినప్పటి నుంచి ఆయనకు కునుకు లేదమ్మా. వానొస్తే సాలు, వంతెన వంతెన అంటా లేసి కూసుంటాడు.”

“ఇంగ నిద్రపోతార్లే అమ్మా. నీకు సెప్తే ఏముంది, పునాదిలో తప్పుంది. అయినా లేదని రాసేసినా. ఎవడో కుళ్లుబోతు, పేరు గూడా పెట్టకుండా ఉత్తరం రాస్తే, వాని మాట పట్టుకోని సారును బజారుకీడుస్తానా?”

కృపమ్మ గేటు పట్టుకుంది.

“పేరు పెడితే నువ్వు గౌరవానికి పోయి పక్కన పడేస్తావని, మీ సారే పెట్టలేదమ్మా.”