ఎవరికీ అభ్యంతరం లేదు

“నిన్న అప్‌డేట్ అయినప్పట్నుంచి ఇది నోరు విప్పట్లేదే!” చూపులేని పిన్ని తన పాత కంప్యూటర్‌ని తట్టి చూపించింది.

ప్రోగ్రామర్ అమ్మాయికి కారణం వెంటనే తెలిసిపోయింది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఆ సాఫ్ట్‌వేర్‌ని నడిపే బృందంలో తనూ ఉంది. పాత కంప్యూటర్ల కోసం రాసిన భాగాన్ని మొన్ననే తన చేత్తో తీసిపారేసింది.

“పాతవి ఎవరూ వాడట్లేదనుకున్నాం పిన్నీ. నెల ముందే అడిగాం కూడా. ఒక్కరూ కిక్కురుమనలేదు.”

“ఎక్కడడిగారు?”

“మా సైట్‌లో.”

“అదా? మీరు దాన్ని కొత్తగా మార్చాక నా దాంట్లో తెరుచుకుని చస్తేగా!”

అమ్మాయి ఆ కంప్యూటర్లో సైట్ తెరవబోతే తెల్ల తెర తప్ప ఏమీ రాలేదు.

“సర్లే, తీసింది మళ్ళీ పెట్టెయ్.”

“అందరం కలిసి తీసేశాం. ఇప్పుడు ఒక్కరి కోసమంటే ఎవరూ ఒప్పుకోరు.”

“నేనొక్కదాన్నేనా? నాలాంటివాళ్ళు ఇంకెందరున్నారో అడుగు మరి.”

అమ్మాయి తన ఫోన్లో అదే సైట్ తెరిచింది. ‘పాత కంప్యూటర్లు వాడుతున్నవాళ్ళు దయచేసి చెప్పండి’ అని రాసి, దాన్నే చూస్తూ ఉండిపోయింది.

పిన్ని ఆత్రంగా ముందుకు వంగింది. “అడిగావా? ఏమంటున్నారే?”

“ఎవరూ ఏమీ అనట్లేదు పిన్నీ.”