ఉప్పేసి పిండిన పూలు

"అమ్మా, హాప్స్ ఏవి?" స్టవ్ మీద బీరుకి బార్లీ రసం మరుగుతోంది. రియా చేతిలో ప్యాకెట్ ఖాళీ.

సుధ సింక్ వైపు చూపించింది. జల్లెడలో ఆ ఎండు పూలు తడిసి ముద్దయి ఉన్నాయి. "నోట్లో వేసుకుంటే విషంలా ఉంది. ఉప్పేసి పిండేశాను."

"బిట్టర్ కోసమే వేస్తారు అమ్మా! డాడీ యాకిమా తోటల దాకా డ్రైవ్ చేసి తెచ్చాడు, స్ట్రాంగ్ ఐపీఏ బీర్ చేద్దాం అని. ఫస్ట్ టైమ్."

తెచ్చిన వారానికే ఆయన పోయాడు. నెల దాటినా సుధకి ఏడుపు రాలేదు.

"మీ డాడీ కాకరకాయ కూడా పిండొద్దనేవారు," అంది. "ఇరవై ఆరేళ్లూ పిండే వండాను."

రియా రెండో ప్యాకెట్ తీసింది. "ఇందులో సగం చాలు."

సుధ అందుకుని మొత్తం కుమ్మరించింది. చేదు ఆవిరి మొహానికి కొడుతున్నా పక్కకి జరగలేదు.