వేపచెట్టుకు సోడా పరీక్ష

“ఈరేషూ, మిషన్ తిప్పు!” అన్నాడు శంకరన్న.

భవాని పరిగెత్తుకొచ్చి వేపచెట్టును కరుచుకుంది. “ముందు నన్ను కోసి, ఆ మీదట చెట్టును కోయండి!”

చెట్లు కోసే ఈరేష్ రంపం మిషన్ కింద పెట్టి బీడీ ముట్టించాడు. ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ఈ తండ్రీకూతుళ్ల జగడం ఒకపట్టాన తెగేది కాదని అతనికి తెలుసు. చెట్టున్న చోట రేకుల షెడ్డు వేసి మరమగ్గం పెట్టాలని శంకరన్న ఆశ. ఆదోని కాలేజీలో చదివే కూతురికేమో ఆ చెట్టంటే ప్రాణం.

“ఎండలు ఇట్ల మండుతాంటే ఉన్న ఒక్క చెట్టూ కొట్టేస్తావా నాయనా? కార్బన్ డయాక్సైడు ఎక్కువైపోయి భూమి ఉడికిపోతాంది. దాన్ని మింగేది చెట్టే.”

“ఆ గ్యాసుతో ఏం కాదంట. ఫోన్‌లో కోటేసుకున్న సైంటిస్టే సెప్పినాడు.”

“అందరూ అవునంటాంటే, కాదనే ఆ ఒక్కడు నీకు యాడ దొరికినాడు?”

“నీకు మీ కాలేజీ సారు దొరకలా? నాకు ఆయప్ప దొరికినాడు. అయినా ఎండ మనకు కొత్తా? మా తాత కాలంలోనూ మాడినారు. ఆ గ్యాసు చెట్లకు కూడంటివే, ఎక్కువుంటే మంచిదే కదా?”

“ఉప్పు లేంది కూడు దిగదు. అట్లని దోసెడు ఉప్పు బుక్కుతావా? నువ్వు నేసే దుప్పటి పొయ్యి మాదిరి మండుతాదా? ఒంటి వేడిని బయటికి పోనీదు, అంతే. ఆ గ్యాసు భూమికి దుప్పటి.”

“పాప మాటలో పస ఉందన్నా,” అన్నాడు ఈరేష్.

“నువ్వు బీడీ తాగప్పా!”

పొద్దున్నే ఉగ్గానితో పళ్లెం నిండా బజ్జీలు లాగించి, చెట్టు కింద మంచంలో పొట్ట నిమురుకుంటున్న సుంకులమ్మవ్వ నవ్వింది. “నీళ్ల కోసం, నేల కోసం కొట్టుకునేటోళ్లను చూసినా. గాలి కోసం కొట్టుకునేటోళ్లను ఈడే చూస్తాండా!”

“ఆ గ్యాసు వేడెక్కిస్తాదని నా కండ్లకు చూపియ్యి, చెట్టు జోలికి పోను,” ఆమె కొడుకు శంకరన్న పంతం పట్టాడు. “చూపియ్యకపోతే ఇప్పుడే కోయిస్తా.”

భవాని ఒకే తీరు సీసాలు రెండు తెచ్చింది. సగానికి గీత పెట్టి, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో సోడా పోసింది. కాలేజీలో అడిగి తెచ్చుకున్న థర్మామీటర్లు బిరడాల్లో గుచ్చి, రెండింటినీ ఎండలో పెట్టింది.

“సోడాలో బుస్సుమని లేచేది ఆ గ్యాసే. ఈ సీసా ఎక్కువ వేడెక్కితే నేను గెలిచినట్టు.”

“అంతవరకు అన్నాలు తిని రాపోండి,” అంది అవ్వ. “నాకాకలి లేదు. సీసాలకు నేను కావలుంటా.”

తిని, కాస్త నడుం వాల్చి వచ్చి చూస్తే, రెండు థర్మామీటర్లూ అచ్చం ఒకే అంకె మీద నిలబడి ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

శంకరన్న భుజం మీది తువ్వాలు గాల్లో తిప్పాడు. “సూస్తివా? మా సైంటిస్టు గెలిచినాడు!”

మాటంటే మాటే. భవాని చెట్టును ఒకసారి తడిమి పక్కకు జరిగింది. ఈరేష్ మనసు చంపుకుని తాడు లాగాడు. రంపం గర్రుమంది.

ఆ మోతను మించి వినబడింది ఒక త్రేన్పు.

“బ్రే...వ్!”

ఈరేష్ ఉలిక్కిపడి మిషన్ ఆపేశాడు. భవాని అవ్వను చూసింది. సోడా సీసాను చూసింది. అందులో ఒక్క బుడగైనా లేదు.

“అవ్వా, ఏం తాగినావే?”

“కడుపుబ్బరం పాపా, తట్టుకోలేకపోయినా. అయినా నీ పరీక్ష చెడగొడతానా? మళ్లీ గీత దాకా కుండనీళ్లు పోసే పెట్టినా కదమ్మా!”