దగ్గరలో ఏసీ మెకానిక్

కాలనీ సంఘం అధ్యక్షులవారి ఇంట్లో ఏసీ ఆగి రెండు రోజులైంది. ఆపరేషనై ఇంటికొచ్చిన తల్లి ఉక్కకు ఊపిరాడక అల్లాడుతోంది. అధ్యక్షులవారు "దగ్గరలో ఏసీ రిపేరు" అని ఫోనులో వెతికి వెతికి, చివరికి ఊరి అవతలి కొస నుంచి ఒకణ్ణి పట్టుకున్నారు. మెకానిక్ రెండు బస్సులు మారి వచ్చాడు.

"ఇదా రావడం? మా అమ్మ పోయాక వద్దామనుకున్నావా?"

అతను ముసలమ్మ మంచం పక్కనుంచి బాల్కనీలోకి వెళ్లాడు. అక్కడి యూనిట్ విప్పి, కాలిపోయిన కెపాసిటర్ మార్చాడు. పావుగంటలో గది చల్లబడింది. ముసలమ్మ నిద్రలోకి జారింది.

గండం గడిచాక అధ్యక్షులవారికి ఉపన్యాసం తన్నుకొచ్చింది.

"కష్టపడే బుద్ధుంటేగా మీకు! ఇన్ని ఇళ్లున్నాయి, ఇక్కడే ఓ కొట్టు పెట్టుకుని ఏడవొచ్చుగా?"

"పెట్టానండి. మీ గేటు ఎదురుగానే, తొమ్మిదేళ్లు. ఆ రేకుల కొట్టుతో వీధి అందం చెడుతోందని మీరే అర్జీ పెట్టి పీకించారు."

తొమ్మిదేళ్లు కారు అద్దంలోంచి కనబడిన మొహాన్ని అధ్యక్షులవారు మొదటిసారి చూశారు.

"అది నువ్వా?"

"నేనేనండి. మీ అమ్మగారు నన్ను చూడగానే గుర్తుపట్టారు. కొట్టు ఎందుకు మూసేశావు నాయనా అనడిగారు. ఆవిడకి ఒంట్లో బాగాలేదు కదా అని అసలు సంగతి చెప్పలేదు."