ఎవెలియో ఆఖరి నవల

“కథేమిటో చెప్పకుండా ఓటెయ్యమంటే ఎలా మహాతల్లీ?” అన్నాడు ఎవెలియో, చుట్ట చుడుతున్న చేతులు ఆపకుండా.

“అంతా నేనే చెప్పేస్తే ఇంక ఒనెలియా చదవడమెందుకు? ఏడుస్తారు, నవ్వుతారు. అంతవరకే చెప్తాను,” అంది పక్క బల్ల దగ్గరున్న సొయిలా.

పినార్ దెల్ రియో అనే ఊళ్ళోని ఆ చుట్టల ఫ్యాక్టరీలో పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల చదివి వినిపిస్తారు. ఎత్తు అరుగు మీద కూర్చుని ఒనెలియా చదువుతుంటే హాలంతా వింటూ పని చేసుకుంటుంది. ఏ నవల చదవాలన్నది మాత్రం ఆమె ఇష్టమూ కాదు, మేనేజరు ఇష్టమూ కాదు. ఈమధ్య చదివిన వాటిలో నచ్చినదాన్ని ఎవరైనా తెచ్చి దాని గురించి నాలుగు మాటలు చెప్పుకోవచ్చు. ఆ తర్వాత ఓట్లు. ఓడినవాళ్ళు కొన్నాళ్ళు మూతి ముడుచుకు తిరగడం కూడా అక్కడి ఆచారమే.

ఈసారి బరిలో రెండే ఉన్నాయి. ఎవెలియో తెచ్చింది రేవులో జరిగిన ఒక హత్య కథ, చొక్కా జేబులో పట్టేంత పుస్తకం. సొయిలా తెచ్చింది రెండు చేతులతో ఎత్తాల్సిన నవల. ఉప్పు పండించే ఒక కుటుంబం కథ అని అట్ట వెనకాల ఉంది.

“నేను నెలాఖరుకి రిటైరవుతున్నానని నీకు తెలీదా?” అన్నాడు ఎవెలియో.

“తెలుసు. కేకు తెప్పిస్తున్నారట.”

“మా తమ్ముడితో కలిసి చేపలు పట్టుకోడానికి హిబారా వెళ్ళిపోతున్నాను. నేను వినే ఆఖరి నవల ఇదే. నీ లావు పుస్తకం అప్పటికి అవదు. ముగింపు తెలీకుండా పొమ్మంటావా?”

“హిబారాలో లైబ్రరీ లేదా ఏమిటి? తెచ్చుకుని చదువుకో.”

“నా సంగతి తెలిసే అంటున్నావు. చేతులు ఊరికే ఉంటే నా బుర్రకి ఒక్క ముక్క ఎక్కదు.”

అది నిజమే. ఎవెలియో పుస్తకాలన్నీ చెవులతోనే చదివాడు, చేతిలో పొగాకు ఆకుతో. ఒకసారి డెంగీ జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా, ఆఖరి అధ్యాయం పోతుందని దుప్పటి కప్పుకుని వచ్చి కూర్చున్నాడు. అలాంటి మనిషిని సగం కథతో ఇంటికి పంపడం అన్యాయం. హాల్లో చాలామంది అలాగే అనుకున్నారు.

“పిన్నీ, ఈ ఒక్కసారికి బాబాయ్ మాట విను. పాపం, వెళ్ళిపోయేవాడు,” అంది ఎదురు బల్ల నుంచి యుసిమి. కొత్తగా పనిలో చేరిన పిల్ల, అందర్నీ వరసలు కలిపి పిలుస్తుంది.

“వెళ్ళిపోయేవాడి కోసం ఉండేవాళ్ళు మంచి నవల మానుకోవాలా?”

కిందటిసారి ఓటింగులో ఎవెలియో పుస్తకం సొయిలా పుస్తకాన్ని ఓడించింది. ఆ కసి ఇలా తీర్చుకుంటోందని గుసగుసలు మొదలయ్యాయి. సొయిలా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. మర్నాడు జామ మిఠాయి చేసుకొచ్చి బల్లబల్లకీ పంచింది. ఎవెలియో బల్ల మాత్రం వదిలేసింది.

ఓట్లు లెక్కపెడితే లావు నవల ఒక్క ఓటుతో గెలిచింది. యుసిమి తల వంచుకుని ఆకులు సర్దుకుంటోంది. మిఠాయి అంత బాగుంది మరి.

గెలిచిన పుస్తకానికి మర్యాదగా అందరూ ఆకు కోసే కత్తుల్ని బల్లల మీద టకటకా కొట్టారు. ఎవెలియో కత్తి ముట్టుకోలేదు.

మొదట్లో విననట్టే నటించాడు. ఒనెలియా చదువుతుంటే కూనిరాగం తీసేవాడు. తర్వాత రాగం ఆగింది. ఇంకొన్నాళ్ళకి, “అమ్మా, ఆ పేరా ఇంకోసారి చదువు,” అని తనే అడిగాడు. నవల్లోని పెద్దకొడుకు సముద్రంలో కొట్టుకుపోయిన రోజున ఆయన చుట్టిన చుట్టలన్నీ వంకరపోయాయి.

ఆయన ఆఖరి శుక్రవారం రానే వచ్చింది. నవల్లో తెల్లవారుజామున ఒక పడవ ఒడ్డుకొచ్చింది. అందులోంచి ఎవరో దిగారు. తల్లి లాంతరు ఎత్తి ఆ మొహం మీదికి పట్టింది. అక్కడ ఒనెలియా పుస్తకం మూసేసింది.

“మిగతాది సోమవారం,” అని గబుక్కున నాలిక్కరుచుకుంది.

కేకు కోశారు. ఎవెలియో అందర్నీ కావలించుకున్నాడు. సొయిలా దగ్గరికొచ్చేసరికి తల ఊపి ఊరుకున్నాడు. ఆమె కేకు ముక్క తినకుండా యుసిమి చేతిలో పెట్టి, చేతులు కడుక్కోవడానికని వెళ్ళి చాలాసేపటికి గాని రాలేదు.

సోమవారం అందరూ వచ్చేసరికి ఎవెలియో తన బల్ల దగ్గరే కూర్చుని ఆకులు తడుపుకుంటున్నాడు.

“హిబారా బస్సు దొరకలేదా బాబాయ్?” అంది యుసిమి.

“మేనేజర్ని అడిగాను. నవల అయ్యేదాకా కాంట్రాక్టు మీద ఉండమన్నాడు. ఇంకా సగం కూడా అవలేదాయె! చేపలెక్కడికీ పోవని తమ్ముడికి ఫోన్ చేసి చెప్పేశాను.” పక్క బల్ల వైపు గుర్రుగా చూశాడు. “అంతా ఈవిడ దయ.”

“మోచెయ్యి నా బల్ల మీదికి రానీకు,” అంది సొయిలా.

హాలంతా కత్తులు టకటకలాడించింది. ఈసారి ఎవెలియో కూడా కొట్టాడు.

ఆ సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి బయటికొస్తుంటే యుసిమి సొయిలా చెయ్యి పట్టుకు లాగింది.

“పిన్నీ, నాకొక్కదానికి చెప్పవా? పడవలోంచి దిగింది పెద్దకొడుకేనా? చచ్చిపోలేదన్నమాటేగా?”

“నాకేం తెలుసు?”

“అదేమిటి! చదివి, బాగుందనేగా అంత పోట్లాడావు?”

సొయిలా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“లైబ్రరీలో అన్నిటికంటే లావుది ఇమ్మన్నానే.”